అజరయ్య గారిని అడిగిన రెండు ప్రశ్నలు



సెప్టెంబరు 27 మన దక్షిణ ఇండియా సంఘం పుట్టిన రోజు. ఏటేటా ఆ వారంలో ప్రత్యేక ప్రార్థన చేస్తాం, కానుక పడతాం, యోహాను సువార్త 17వ అధ్యాయం చదువుతాం, ఇళ్ళకు వెళ్ళిపోతాం. ఆ రోజు రావడానికి ఎవరెవరు ఏమేమి వదులుకున్నారో, ఎవరు ఎంతకాలం అలిగి బయట నిలబడ్డారో, వారి కోసం ఎవరు తలుపు తీసి ఉంచారో చెప్పే పెద్దలు తగ్గిపోయారు. ఆ చరిత్ర మనదే. అందులో సగం మన తెలుగు నేల మీదే జరిగింది. అందుకని ఈ వారం ధ్యానానికి బదులు ఆ కథ చెప్పాలనుకుంటున్నాము. కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

కథ డోర్నకల్ బిషప్ అజరయ్య గారితో మొదలుపెడతాము. వేదనాయగం సామ్యేలు అజరయ్య గారు తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై అనే చిన్న ఊళ్ళో ఒక పల్లెటూరి పాస్టరు గారి కొడుకుగా పుట్టారు. వై.ఎం.సి.ఏ.లో పనిచేస్తూ దక్షిణ దేశమంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నప్పుడు ఆయన దాని వెనక ఉన్నారు. ఆ సంఘం ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయనే ఆ పొలానికి మిషనరీగా వచ్చి, మన భాష నేర్చుకుని, మన పల్లెల్లో నడిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అది అందరికీ నచ్చలేదు. దొరల్లో కొందరికి నచ్చలేదు, మనవాళ్ళలోనూ కొందరికి నచ్చలేదు. ఆయన నాడార్ కులంలో పుట్టినవారు కదా.

బిషప్ కాకముందు, 1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. వెయ్యి మందికి పైగా ప్రతినిధులు కూర్చున్న ఆ సభలో మన ఆసియావారు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. అక్కడ అజరయ్య గారు లేచి మిషనరీల త్యాగాన్ని ముందు మెచ్చుకున్నారు. ఆ తర్వాత, మీరు మా కోసం అన్నీ ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదు, మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. ఒకే ప్రభువుకు పనిచేస్తున్న దొర, భారతీయ సేవకుడు ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం ఎంత అరుదో ఆయనకు తెలుసు. కొందరికి ఆ మాట ఒళ్ళు మండించింది. మరి కొందరు జీవితాంతం మరచిపోలేదు. మాకు తోచేదేమంటే, ఆ మాట అడిగిన మనిషి ఐక్యత గురించి మాట్లాడేటప్పుడు కమిటీల గురించి మాత్రమే మాట్లాడలేడు. బల్ల గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది.

ఇక అసలు సంగతి. 1935 అక్టోబరు 13న యేవలాలో డాక్టర్ అంబేద్కర్ గారు, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ప్రకటించారు. ఆ తర్వాతి రోజుల్లో అన్ని మతాలవారూ ఆయన వైపు చూశారు. అప్పుడు ఆయనకూ అజరయ్య గారికీ మధ్య జరిగిన సంభాషణ ఒకటి అజరయ్య గారి జీవితం రాసినవారు చెబుతారు. అంబేద్కర్ గారు రెండు ప్రశ్నలు అడిగారట. మా ప్రజలు క్రైస్తవులైతే, ఎక్కడ నివసించినా అందరూ ఒకే సంఘంగా ఉండగలరా? మీ సంఘంలో కులం తేడా లేకుండా ఉండగలరా? ఆ రెంటిలో ఒక్కదానికైనా అవునని చెప్పలేకపోయానని, తన జీవితంలో అంత సిగ్గుపడిన రోజు మరొకటి లేదని అజరయ్య గారు తర్వాత చెప్పుకున్నారట.

ఎంత సూటి ప్రశ్నలో చూడండి. దేవుడు ఉన్నాడా, త్రిత్వం అంటే ఏమిటి అని అడగలేదు. సెమినరీలో మూడేళ్ళు చదివిన మాబోటివారిని అలాంటివి అడిగితే ఏదో ఒకటి చెబుతాము. ఆయన మీ ఇల్లు ఎలా ఉంది అని అడిగారు.

మొదటి ప్రశ్న ఎందుకు వచ్చిందో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. తెలుగు దేశానికి సువార్త ఒక్క దారిన రాలేదు. 1805లో విశాఖపట్నానికి లండన్ మిషన్‌వారు వచ్చారు. 1836లో నరసాపురం వైపు బ్రదరన్‌వారు, 1841లో మచిలీపట్నానికి సి.ఎం.ఎస్. దొరలు నోబుల్ గారు, ఫాక్స్ గారు, 1842లో గుంటూరుకు లూథరన్ హయ్యర్ గారు వచ్చారు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి, కాకినాడ కెనడా బాప్టిస్టులది, కడప లండన్ మిషన్‌ది, నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషన్‌ది, మెదక్ మెథడిస్టులది. ఒకరి పొలంలోకి ఒకరు అడుగుపెట్టకుండా మిషన్లు జిల్లాలను పంచుకున్నాయి. తగాదాలు రాకుండా అది మంచి ఏర్పాటే. కానీ ఫలితం ఏమైంది? ఏ దొర ముందు గుర్రం మీద ఏ ఊరికి వచ్చాడో దాన్నిబట్టి మన తాతల శాఖ తేలిపోయింది. వారు లూథర్ గారి పుస్తకం చదివి లూథరన్లు కాలేదు, వెస్లీ గారి ప్రసంగం విని మెథడిస్టులు కాలేదు. ఒక ఆడపిల్లను పెళ్ళి చేసి కాలువ అవతలి ఊరికి పంపితే అక్కడి సంఘం వేరు. అక్కడ ఆమె పొందిన బాప్తిస్మం చెల్లుతుందా, బల్ల దగ్గరకు రానిస్తారా అనే ప్రశ్న. యూరపులో మూడు నాలుగు వందల ఏళ్ళ క్రితం రాజులు, పండితులు పడిన తగాదా మన పల్లెలో ఒక కొత్త కోడలి మీద పడింది.

అజరయ్య గారికి ఇది భరించరానిదిగా కనిపించింది. క్రైస్తవ దేశాల్లో విభజన ఒక బలహీనత కావచ్చు, మా దేశంలో మాత్రం అది పాపమని ఆయన బయటి దేశాల సభల్లోనే అన్నారు. 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకున్నారు. 1706లో మొదటి ప్రొటెస్టంట్ మిషనరీలు జీగెన్‌బాల్గ్, ప్లూచావు గార్లు దిగిన ఊరు అది. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. క్రైస్తవ దేశాలు ఒకదాన్నొకటి నాలుగేళ్ళు చంపుకోవడం వీరు చూశారు. ఈ చీలికలు మేము చేసినవి కావు, బయటినుండి మా మీద పడినవి, వీటిని మేము కొనసాగించాలని కోరడం లేదు అనే భావంతో వారు ఒక ప్రకటన రాశారు. రెండు రోజుల్లో రాసిన ఆ కాగితం నెరవేరడానికి 28 ఏళ్ళు పట్టింది.

ఎందుకు పట్టింది అంటే, ప్రధానంగా ఒక్క ముడి దగ్గర. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ చేతులుంచి అభిషేకం చేస్తేనే గురువు. 1908లో ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్‌వారు కలిసి ఏర్పరచుకున్న దక్షిణ ఇండియా ఐక్య సంఘంలో బిషప్పులే లేరు. 1925లో చర్చల్లోకి వచ్చిన మెథడిస్టులలోనూ లేరు. ఇప్పుడు అందరూ కలిస్తే, ముప్పై ఏళ్ళుగా బాప్తిస్మాలిచ్చి, బల్ల పరిచర్య చేసి, పెళ్ళిళ్ళు చేసి, సమాధులు చేసిన ఒక మెథడిస్టు పాస్టరు గారిని పిలిచి, నీకు మళ్ళీ అభిషేకం చేయాలి అంటే దాని అర్థం ఏమిటి? ఇన్నాళ్ళూ నువ్వు గురువువు కాదు, నీ చేతిలో రొట్టె రొట్టె కాదు అని. అలా అనకపోతే ఆంగ్లికన్‌వారికి తాము పదిలంగా కాపాడుకుంటూ వచ్చినది నీటిపాలైనట్టు. పథకం రాశారు, దిద్దారు, మళ్ళీ రాశారు. ఇంగ్లండులో దీని మీద పెద్ద గొడవ జరిగింది. పేరుపొందిన కవి టి.ఎస్. ఎలియట్ గారు కూడా ఈ పథకాన్ని వ్యతిరేకిస్తూ 1943లో ఒక చిన్న పుస్తకం వేశారు. డోర్నకల్ పాస్టరు గారి అభిషేకం గురించి లండన్ కవి కలత చెందడం మాకు కొంచెం విడ్డూరంగానే ఉంటుంది గాని, ఆయన బాధ నిజమైనదే.

చివరికి తేల్చిన విధానం ఇది. ఎవరూ ఎవరికీ మళ్ళీ అభిషేకం చేయరు. కలిసే రోజు వరకు ఏ సంఘంలో ఎవరు గురువుగా ఉన్నారో వారందరూ కొత్త సంఘంలో గురువులే. ఆ రోజు నుండి కొత్తగా వచ్చేవారిని మాత్రం బిషప్పులే అభిషేకిస్తారు. ముప్పై ఏళ్ళు ఈ రెండు రకాలవారూ పక్కపక్కన పనిచేస్తారు. ఆ తర్వాత ఏం చేయాలో అప్పటి సంఘం తేల్చుకుంటుంది. దానితోపాటు ఒక ప్రమాణం కూడా చేసుకున్నారు: ఏ స్థానిక సంఘం మీదా దానికి అలవాటు లేని ఆరాధన పద్ధతిని గాని, తన మనస్సాక్షి ఒప్పుకోని గురువును గాని బలవంతంగా రుద్దకూడదు.

దీన్ని రాజీ అని చులకన చేసినవారున్నారు. మేము అలా అనుకోము. మన ఊళ్ళలో తగవు తీర్చేటప్పుడు పెద్దలు మొదట అడిగేది తప్పు ఎవరిది అని. ఒకడు చేతులు కట్టుకుని తప్పైపోయింది అనేదాకా పంచాయితీ లేవదు. ఆ మాట అనిపించుకున్నాక వాడు కలిసి కూర్చుంటాడు గాని, లోపల కలవడు. ఇక్కడ ఏ పక్షాన్నీ నీ గతం అబద్ధమని ఒప్పుకో అనలేదు. ఒకరి గతాన్ని ఒకరు ఉన్నది ఉన్నట్టుగా ఇంట్లోకి తెచ్చుకున్నారు. అందుకు ఖరీదు మాత్రం అందరూ చెల్లించారు. బిషప్పులు వద్దని తరాలుగా చెప్పినవారు బిషప్పులను ఒప్పుకున్నారు. ఆంగ్లికన్ బిషప్పులు తమ ప్రపంచవ్యాప్త సహవాసంలో స్థానం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు. తర్వాతి సంవత్సరం, 1948లో, ఇంగ్లండులోని లాంబెత్‌లో కూడిన బిషప్పుల మహాసభ ఈ కొత్త సంఘపు గురువుల విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది.

మెథడిస్టులు 1943లో ఒప్పుకున్నారు. ఆంగ్లికన్‌వారి నిర్ణయం 1945లో వచ్చింది. అది చూడటానికి అజరయ్య గారు లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. ఐక్య సంఘంవారు చివరగా 1946లో సరే అన్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో బిషప్ సి.కె. జేకబ్ గారి అధ్యక్షతన మూడు సంఘాలు ఒకటయ్యాయి. దేశానికి స్వతంత్రం వచ్చి ఆరు వారాలే అయింది. ఉత్తరాన పంజాబులో ఇళ్ళు కాలుతున్నాయి, రైళ్ళలో శవాలు వస్తున్నాయి. ఆ రోజుల్లో ఆ కూడిక. అక్కడే తొమ్మిది మందిని కొత్తగా బిషప్పులుగా అభిషేకించారు. మన రాయలసీమకు వచ్చిన సుమిత్ర గారు, మెదక్‌కు వచ్చిన మెథడిస్టు విటేకర్ దొర గారు వారిలోనివారే.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. పండుగ రోజు ప్రసంగాల్లో ఇక్కడితోనే ఆపుతాం కూడా. కానీ నంద్యాల ఉంది.

నంద్యాల ప్రాంతం ఎస్.పి.జి. మిషన్ పెంచిన సంఘం, డోర్నకల్ అధ్యక్ష మండలంలోని భాగం. ఐక్యత కోసం జీవితం ధారపోసిన అజరయ్య గారి సొంత మండలం. 1947లో అక్కడివారిలో కొందరు చేరారు, ఎక్కువ మంది చేరలేదు. మేము ఆంగ్లికన్లుగానే ఉంటాం, బిషప్ చేతులు లేని గురువులతో కలవలేం అన్నారు. కలకత్తా మెట్రోపాలిటన్ గారి కింద ఉండిపోయారు. 1963లో వారికి వేరే అధ్యక్ష మండలం కూడా ఏర్పడింది. ఐక్య సంఘం పుట్టిన రోజునే తెలుగు క్రైస్తవుల మధ్య ఒక కొత్త గోడ లేచిందన్నమాట. ఒకే మిషన్ చేతుల్లో పెరిగిన జనం, ఒకే కీర్తనలు పాడుకునే జనం రెండు పక్షాలయ్యారు.

నంద్యాలవారిని మొండివారని తీసిపారేసేవారి మాట మేము విన్నాము. మాకు అది న్యాయంగా అనిపించదు. తమ పెద్దల దగ్గర పొందినదాన్ని పోగొట్టుకుంటామేమోననే భయం భక్తి లేనివాడికి రాదు. గమనించవలసింది ఏమంటే, దక్షిణ ఇండియా సంఘం వారిని శత్రువులుగా చూసి ఆ అధ్యాయం మూసేయలేదు. బలవంతం చేయకూడదని తాను చేసుకున్న ప్రమాణం ఉంది కదా. సమయం ఇచ్చింది. 1975లో నంద్యాల మండలం దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. తరంగంబాడి నుండి మద్రాసు దాకా 28 ఏళ్ళు, మద్రాసు నుండి నంద్యాల దాకా మళ్ళీ 28 ఏళ్ళు. 1947లో కాదన్న పెద్దల్లో చాలామంది అప్పటికి సమాధుల్లో ఉన్నారు. వారి మనవలు అవునన్నారు.

క్షమాపణ అనగానే మనకు ఒక సాయంత్రం ప్రార్థన కూటంలో ఏడ్చి కౌగిలించుకోవడమే గుర్తొస్తుంది. అది దేవుని వరమే, కాదనము. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు బలిపీఠం దగ్గర కానుక విడిచి వెళ్ళి సమాధానపడమన్నాడు. కానీ కొన్ని సమాధానాలకు ఒక తరం పడుతుంది. ఆ తరమంతా తలుపు గడియ పెట్టకుండా ఉంచాలి. అది కూడా క్షమాపణే. లూథరన్, బాప్టిస్టు సంఘాలు నేటికీ ఈ ఐక్యతకు బయటే ఉన్నాయని కూడా మరువకూడదు. మొదటి ప్రశ్నకు మన జవాబు సగం జవాబు. అయినా సగమైనా ఉంది.

రెండవ ప్రశ్న సంగతి చూద్దాం.

తెలుగు పల్లెల్లో సువార్తను మొదట గుంపులుగా అందుకున్నది మాలలు, మాదిగలు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అధికులు మాదిగ సహోదరులు. ఆ ఉజ్జీవానికి బాట వేసిన ఎర్రగుంట్ల పేరయ్య గారు తోలుపని చేసుకునే కుటుంబంలోనివారు. గుంటూరు వైపు, కడప, నంద్యాల వైపు మాలలు ఎక్కువగా వచ్చారు. పల్లెలో ఒక పేటవారు ఒక మిషన్‌లో చేరితే, రెండో పేటవారు వారితో కూర్చోలేక ఇంకో మిషన్ కోసం చూసిన ఊళ్ళు ఎన్నో. దొరలు తెచ్చిన శాఖల మీదికి మన సొంత కులం ఎక్కి కూర్చుంది. ఈ చీలిక బయటినుండి మా మీద పడింది అని తరంగంబాడి పెద్దలు చెప్పినట్టు చెప్పడానికి ఇక్కడ వీల్లేదు. ఇది మనం ఇంటినుండి తెచ్చుకున్న సామాను.

అజరయ్య గారు దీనితో పోరాడారు. ఆయన మండలంలో రెండు కులాలవారూ ఉన్నారు, రెండింటి మధ్య పాత పగ ఉంది. బాప్తిస్మం పొందినవారిని తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని 1 కొరింథీయులు 9వ అధ్యాయంలో పౌలు అన్న మాట చెప్పించేవారు. కులాన్నిబట్టి ఎవడి తల తాకవచ్చో, ఎవడి నీడ పడకూడదో లెక్కలు వేసే దేశంలో, ప్రతివాడి తలా అభిషేకం పొందిన తలే అని దాని భావం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథీడ్రల్‌ను చూసినవారికి తెలుసు, అందులో గుడి పోలిక ఉంది, మసీదు పోలిక ఉంది. ఎవరూ పరాయివారు కాకూడదని ఆ మనిషి రాయితో కూడా చెప్పాలని చూశాడు. అంత చేసినా, అంబేద్కర్ గారు అడిగినప్పుడు ఆయన నోట అవును అనే మాట రాలేదు.

ఐక్య సంఘం ఈ ప్రశ్నకు ఏమీ చేయలేదని అనలేము. చేసినవాటిలో మాకు అన్నిటికంటే విలువైనది చాలా చిన్నది. 1950లో మన సంఘం తన సొంత ప్రభురాత్రి భోజన క్రమాన్ని తయారుచేసుకుంది. అందులో, పూర్వకాలపు ఆచారం ఒకటి మళ్ళీ తెచ్చారు. సమాధాన వందనం. గురువు బల్ల దగ్గర నుండి సమాధానం ఇస్తాడు, అది చేతినుండి చేతికి వరుసలో ఉన్న చివరి మనిషి దాకా వెళుతుంది. ఇచ్చేవాడు తన కుడి అరచేతిని పుచ్చుకునేవాడి కుడి అరచేతికి ఆనిస్తాడు, ఇద్దరూ ఎడమ చేతులతో ఎదుటివారి చేతిని మూస్తారు. ఈ క్రమాన్ని లోకమంతా మెచ్చుకుంది, ఎన్నో దేశాల సంఘాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. వారికి అది అందమైన ఆచారం. మనకు అంతకంటే ఎక్కువ. అంటు అనే మాట పుట్టిన నేల మీద, రొట్టె విరవకముందే పక్కవాడి చెయ్యి పట్టుకోవాలి అని క్రమంలో రాశారు.

ఇప్పుడు ఎలా చేస్తున్నాం? నిలబడినచోటే నిలబడి, అటూ ఇటూ దూరం నుండి ఒక నమస్కారం పెట్టి కూర్చుంటున్నాం. చాలా సంఘాల్లో అదే. ఎక్కువ మంది ఉన్నారు, సమయం లేదు అంటారు. నిజానికి ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో ముందే తేలిపోయి ఉంది. చెయ్యి పట్టుకున్నా మనవాళ్ళ చెయ్యే పట్టుకుంటాం.

గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం మళ్ళీ తెరవండి. అంతియొకయలో పేతురు గారు అన్యజనులతో కలిసి భోజనం చేసేవారు. యెరూషలేము నుండి కొందరు రాగానే మెల్లగా బల్ల దగ్గరనుండి జరిగారు. సిద్ధాంతం మార్చుకోలేదు, ప్రసంగం మార్చుకోలేదు. విస్తరి ముందునుండి లేచారు, అంతే. బర్నబా అంతటి మంచివాడు కూడా ఆయన వెంట వెళ్ళాడు. పౌలు గారు దాన్ని మర్యాద విషయంగా చూడలేదు. సువార్త సత్యం దగ్గర తప్పిన నడక అన్నారు, అందరి ఎదుటా అన్నారు. మన కథలో చెప్పుకోవలసిన పోలిక ఇక్కడ ఉంది. అభిషేకం విషయంలో మన పెద్దలు 28 ఏళ్ళు కమిటీలు వేసి కూర్చున్నారు, కాగితాలు రాశారు, దేశాలు తిరిగారు. రెండు పేటల మధ్య బల్ల విషయంలో అలా కూర్చున్న కమిటీ ఏది? మండలం ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరు ఎవరివారో లెక్కలు వేయడానికి మాత్రం రాత్రుళ్ళు కూర్చుంటాం.

మా పరిధిలోని ఒక గ్రామం సంగతి మీలో చాలామందికి తెలుసు, పేరు రాయము. ఒకే పాస్టరేట్, ఒకే రిజిస్టరు, ఒకే గురువు. రెండు మందిరాలు, మధ్యలో ఫర్లాంగు దూరం లేదు. క్రిస్మస్ రెండుచోట్ల, ఈస్టరు రెండుచోట్ల. మధ్యాహ్నం చనిపోయినవారిని కూడా ఒకే పొలంలో రెండు గట్లకు అటూ ఇటూ పెడుతున్నారు. ఈ ఏడు సంఘ ఆవిర్భావ దినానికి ఉమ్మడిగా ప్రభురాత్రి భోజనం పెట్టుకుందామని రెండు పేటల యౌవనస్థులే మా దగ్గరకు వచ్చి అడిగారు. వారిలో ఇద్దరు కువైట్‌లో ఒకే గదిలో, ఒకే గిన్నెలో వండుకుని తిన్నవారు.

సంఘ పెద్దలు మూడుసార్లు కూర్చున్నారు. మొదటి కూటంలో ఎవరి మందిరంలో అన్న దగ్గర ఆగింది. మేము చరిత్రలోని పద్ధతినే వారి ముందు పెట్టాము. ఎవరు ఎవరిని అవమానించారు, ఏ సంవత్సరంలో ఎవరి పెళ్ళిలో ఎవరిని వేరే పంక్తిలో కూర్చోబెట్టారు అన్న లెక్క ఇప్పుడు తేల్చవద్దు. దాన్ని దాచిపెట్టమని కాదు, దాని కోసం వేరే రోజు కూర్చుందాం, ఎన్ని రోజులైనా కూర్చుందాం. ఒప్పుకోనివారిని బలవంతం చేయవద్దు, వారి పేర్లు రిజిస్టరులో నుండి తీయవద్దు, వారి ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళడం మానవద్దు. రాగలిగినవారు వస్తారు. ఒక పెద్దాయన మాత్రం, అయ్యగారూ, మందిరం సంగతి సరే, వంట ఎవరు చేస్తారు అని అడిగారు. ఆ ప్రశ్న వచ్చాకే అసలు కూటం మొదలైందని చెప్పాలి. రెండవ కూటమంతా దాని మీదే నడిచింది. కొందరు లేచి వెళ్ళారు. మూడవ కూటానికి వెళ్ళినవారిలో ఇద్దరు తిరిగి వచ్చారు, ముగ్గురు రాలేదు. రానివారి ఇళ్ళకు ఈ శుక్రవారం వెళ్తున్నాము.

తేలినవి ఇవి. ఆరాధన 27వ తేదీ తర్వాత వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకు, రెండు మందిరాల్లో దేనిలోనూ కాదు, బడి ఆవరణలో వేపచెట్టు కింద. సమాధాన వందనం క్రమంలో రాసినట్టే, చేతినుండి చేతికి. ఎంత సమయం పట్టినా సరే, కీర్తన పాడుతూ ఉండండి. ఒకే రొట్టె, ఒకే పాత్ర. వంటకు ఆ పేటనుండి ముగ్గురు, ఈ పేటనుండి ముగ్గురు తల్లులు పేర్లు ఇచ్చారు, బియ్యం అప్పుడే వచ్చాయి. దూరాన ఉన్నవారు కూరగాయల ఖర్చుకు పంపదలిస్తే కోశాధికారి గారికి పంపండి. భోజనానికి ఎవరి కంచం వారు తెచ్చుకోవద్దని పెద్దలు మరీ మరీ చెప్పమన్నారు. అందరికీ విస్తరాకులే.